మడుగామె

"ఆదివారం సాయంత్రం మనింట్లో మీటింగు. పదిహేను మంది దాకా వస్తారు, టీ పెట్టు. అన్నట్టు అమ్మ ఎడంచేతి బొటనవేలి గోరు కాస్త కత్తిరించి ఉంచు, ఇంకు సరిగ్గా అంటాలి" అన్నాడు మా ఆయన, గుమ్మంలో నిలబడి.

అప్పుడు నేను మా అత్తగారిని పక్కకి తిప్పి వీపు తుడుస్తున్నాను. ఒక చేత్తో ఆవిడ భుజం పట్టుకుని ఆపాలి. రెండో చేత్తోనే బట్ట తడపాలి, పిండాలి, తుడవాలి. పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. కుడి పక్క పూర్తిగా పడిపోయింది. మాట కూడా పోయింది. పోయిందంటే బొత్తిగా కాదు, ఎప్పుడో ఒక ముక్క వస్తుంది, దానికి ముందూ వెనకా ఏమీ ఉండదు. ఈ రెండేళ్ళలో ఆయన ఆ గది లోపలికి వచ్చింది తక్కువ. పొద్దున్నే గుమ్మంలో నిలబడి "ఎలా ఉన్నావమ్మా?" అంటాడు. ఆవిడ తరఫున జవాబు నేను చెప్పాలి. "బాగానే ఉన్నారు" అంటాను. ఆయన తల ఊపి ఆఫీసుకి వెళ్ళిపోతాడు. తల్లిని అంత బాగా చూసుకునే కొడుకు మా వీధిలోనే లేడని అందరూ అంటారు.

మా ఇళ్ళ వరసకి వెనకాల మడుగు ఉంది. మరీ పెద్దదేమీ కాదు, ఈ చివర నుంచి కేకేస్తే ఆ చివరికి వినపడుతుంది. చుట్టూ మనిషెత్తు రెల్లు, మధ్యలో నీళ్ళు. వానలు పడితే వీధి నీళ్ళన్నీ అందులోకే పోతాయి. దాన్ని మట్టితో పూడ్చి, పైన ఒక హాలూ, కార్లు పెట్టుకోవడానికి చోటూ కట్టాలని వీధి సంఘం అనుకుంది. సంఘానికి కార్యదర్శి మా ఆయనే. మట్టి లారీలు లోపలికి పోవడానికి దారి ఒక్కటే, మా పెరడు దాటాక ఉన్న గట్టు. ఆ గట్టూ, దాన్ని ఆనుకున్న కాస్త నేలా మా మామగారు పోయే ముందు అత్తగారి పేర రాశారు. ఆవిడ వేలిముద్ర పడితే లారీలు వస్తాయి. పడకపోతే రావు. పడకపోవడం అనేది ఒకటి ఉండొచ్చని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఆ వేలు పట్టుకుని కాగితం మీద ఒత్తాల్సింది నేనే, ఎందుకంటే ఇంకెవరు పట్టుకున్నా ఆవిడ చెయ్యి బిగదీసుకుంటుంది.

ఆ మడుగు గురించి నాకు మొదట చెప్పింది కూడా ఆవిడే. నేను కాపురానికి వచ్చిన మొదటి నెల. ఇద్దరం వంటింట్లో కూర తరుగుతున్నాం. "పొద్దు గూకాక వెనక తలుపు తియ్యకమ్మాయ్" అని మొదలుపెట్టింది. వెనకటికి ఈ వరసలోనే ఒక ఇంట్లో కోడలు ఉండేదట. ఒక సాయంత్రం అత్తనడక్కుండా, మొగుడికి చెప్పకుండా గడప దాటి రెల్లులోకి వెళ్ళిపోయిందట. మళ్ళీ రాలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది. చీకటి పడే వేళకి ఆడవాళ్ళని పేరు పెట్టి పిలుస్తుంది, పలికామా, అంతే సంగతులు. ఆవిడ పేరు ఎవరికీ తెలీదు కాబట్టి అందరూ మడుగామె అనేవాళ్ళు. మా అత్తగారు ఆ కథ చెప్తున్నంతసేపూ చేతులు పని ఆపేవి కావు గానీ గొంతు మాత్రం ఇంకెవరిదో అయిపోయేది. వీధిలో పిల్లలు సాయంత్రాలు మా అరుగు మీదికి చేరి, చెప్పిన కథే మళ్ళీ చెప్పించుకునేవాళ్ళు. వాళ్ళ వెనక వాళ్ళ తల్లులు నిలబడి వినేవాళ్ళు, పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినట్టు నటిస్తూ.

నేను డిగ్రీ చదివాను. దయ్యాల్ని నమ్మను. నన్ను భయపెట్టింది దయ్యం కాదు, ఆ కథలో "అడక్కుండా" అన్న చోట ఆవిడ నా వైపు చూసిన చూపు. ఇరవై నాలుగేళ్ళుగా నేను అడక్కుండా ఎక్కడికీ వెళ్ళలేదు. నేను పనిచేసే ప్రింటింగు ప్రెస్సులో పని ఎక్కువై ఒక అరగంట ఆలస్యమైతే మా ఆయన చుట్టాల ముందు, "ఏం, మడుగామె గానీ పిలిచిందా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే 'నీకు జోకు కూడా తెలీదు' అనిపించుకోవాలి, అది ఇంకో రోజంతా నడుస్తుంది. మా అమ్మాయి ఒక్కతే చిన్నప్పుడు ఆ కథకి భయపడలేదు. "అక్కడ ఆమె ఏం చేస్తుంది నానమ్మా?" అని అడిగింది. "కూర్చుంటుంది" అంది మా అత్తగారు. "ఊరికేనా?" అంది పిల్ల. "ఊరికేనే" అంది ఆవిడ, అదేదో మిఠాయి పేరు చెప్పినట్టు. ఇప్పుడు అమ్మాయి చదువుకోవడానికి వేరే ఊళ్ళో హాస్టల్లో ఉంది. 'ఊరికేనే' అన్న ఆ మాట నాకు ఎందుకు గుర్తుండిపోయిందో చాలా రోజులు తెలియలేదు.

కథ చెప్పే మనిషికి మాట పోయాక మడుగుకి ఏం జరిగిందో నేను వంటింటి కిటికీ లోంచి చూస్తూనే ఉన్నాను. కథ ఉన్నన్నాళ్ళూ ఆ రెల్లులోకి ఎవరూ కాలు పెట్టలేదు. చెత్త వెయ్యలేదు, రెల్లు కొయ్యలేదు, పిల్లలు గుడ్ల కోసం గూళ్ళు వెతకలేదు. "ఆమె ఇంటి మీద" ఉమ్మడానికి కూడా జంకేవాళ్ళు. అరుగు మీద కథ ఆగిపోయిన ఏడాదికే రోడ్డు వైపు ఒక చెత్త సంచీ కనపడింది. దానికి తోడు ఇంకోటి. తరవాత ఎవరో బాత్రూము పగలగొట్టించుకుని ఆ పెళ్ళలన్నీ తెచ్చి పోశారు. ఏమీ జరగలేదు. ఎవరినీ ఎవరూ పిలవలేదు. ఆపైన మా ఆయన కరపత్రం రాశాడు.

ఆ కరపత్రం కంపోజు చేసింది నేనే. మా ప్రెస్సు చిన్నది. ముందు గదిలో యజమాని, వెనక గదిలో మిషను, మధ్యలో కిటికీ లేని చోట నా కంప్యూటరు. శుభలేఖల దగ్గర్నుంచి ఎన్నికల కాగితాల దాకా ఈ చుట్టుపక్కల అచ్చయ్యే మాటల్లో సగం నా వేళ్ళ మీదుగా పోతాయి. నాకు నలభై ఆరేళ్ళు, మా యజమాని నన్ను ఇప్పటికీ "అమ్మాయ్" అంటాడు, ఆయన కోసం ఎవరైనా వస్తే టీ నన్నే పెట్టమంటాడు. మా ఆయన నా కుర్చీ వెనక నిలబడి చెప్తుంటే నేను కొడుతున్నాను. 'మన ఇళ్ళ వెనక ఉన్న మడుగును' అని కొట్టాను.

"మడుగు తీసెయ్. గుంట అని కొట్టు" అన్నాడు.

"అందరూ మడుగనే కదా అంటారు."

"అందుకే. మడుగంటే జనానికి జాలి పుడుతుంది. గుంటంటే పూడ్చాలనిపిస్తుంది."

మా యజమాని తెగ మెచ్చుకున్నాడు. "విన్నావా అమ్మాయ్? భాష ఆయనది, వేళ్ళు నీవి" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను 'దోమలకు నిలయమై ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్న గుంటను' అని కొట్టాను, అక్షరదోషాలు సరిచూశాను, కాపీలు తీయించాను, ఇంటికి పోతూ నేనే సంచిలో వేసుకుని మోసుకొచ్చాను. రెండు వారాలు తిరక్కుండా వీధిలో చిన్నపిల్లలు కూడా "బంతి గుంటలో పడింది" అనడం మొదలుపెట్టారు. ఒకరి ఇంట్లోకి చెత్త విసరడానికి చెయ్యి రాదు. గుంటలోకైతే దానంతటదే వస్తుంది. ఈ సంగతి మా ఆయనకి నాకంటే ముందే తెలుసు. ఇంట్లో కూడా ఆయన అలాగే చేస్తాడు. ప్రెస్సులో పని కాక ఇంట్లో నేను చేసేదానికి ఆయన పెట్టిన పేరు 'అమ్మకి తోడుగా ఉండటం'. తోడుగా ఉండే మనిషికి నడుంనొప్పి ఎలా వస్తుంది? అందుకే నాకు నడుంనొప్పి అంటే ఆయనకి ఆశ్చర్యం.

ఇక మా అత్తగారి మాటల సంగతి. రెండేళ్ళలో ఆవిడ నోటి వెంట వచ్చినవి చాలా వరకు అర్థంపర్థం లేనివే. "గుమాస్తా... వచ్చాడా?" అనేది పొద్దున్నే, వెనక కిటికీ వైపు చూస్తూ. "మిషను" అనేది. "పెళ్ళివాళ్ళు... దిగారు" అనేది. ఈ జబ్బులో మాటలు కలగాపులగం అయిపోతాయి, పట్టించుకోవద్దని డాక్టరు చెప్పాడు. మా ఆయన మాత్రం గుమాస్తా అంటే ఎదురింట్లో ఉన్న రిటైర్డు హెడ్ క్లర్కుగారే అని తేల్చేశాడు. ఆయనకి కబురు పంపించాడు. ఆయన పాపం ఎంత పొంగిపోయారో! ఉద్యోగం దిగాక తన కోసం ఎవరైనా ఎదురు చూడటం అదే మొదటిసారేమో. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ఆవిడ మంచం పక్కన కుర్చీలో కూర్చుని పేపరు చదివి వినిపించేవారు. ఆవిడ ఆయన భుజం మీదుగా కిటికీ బయటికి చూసేది. ఆయన వెళ్ళాక మళ్ళీ "గుమాస్తా వచ్చాడా?" అనేది. ఆయన కోసం ఇంకో టీ పెట్టడం నా పనుల్లో కలిసింది.

రోడ్డు వైపు పెళ్ళలు పడ్డ వారమే ఆవిడ "మిషను ఆగింది" అని ఏడ్చింది. పక్కింట్లో టైలరమ్మ ఉంది, నేను ప్రెస్సుకి వెళ్ళినప్పుడు మా అత్తగారిని కనిపెట్టుకుని ఉండేది ఆమే. తెల్లారి లేస్తే ఆమె కుట్టుమిషను చప్పుడే మాకు. ఆమెని పిలిస్తే వచ్చి, "ఎక్కడాగింది పిన్నిగారూ, ఆగితే నా కాళ్ళు ఇలా వాచేవా?" అని చీర కాస్త ఎత్తి పాదాలు చూపించింది. మా అత్తగారు ఆ పాదాల వైపు చూసి, తల అడ్డంగా ఊపి, గోడ వైపు తిరిగింది.

శనివారం పొద్దున టైలరమ్మ పెరటి గోడ మీంచి నన్ను పిలిచింది. ఆమె కరపత్రం చదివిన దగ్గర్నుంచి నిద్రపోవడం లేదు. వాళ్ళ పుట్టింటి పేటలో చెరువు పూడ్చాక మొదటి వానకే నీళ్ళు మంచం కోళ్ళ దాకా వచ్చాయట, రెండో వానకి పరుపు మీదకి. "మగవాళ్ళకి చెప్తే వినరొదినా, కాలవలు తీయిస్తాం అంటారు. నువ్వు ఆ కథ చెప్పు. పిన్నిగారి దగ్గర నువ్వే కదా ఎక్కువసార్లు విన్నావు. ఒక్క సాయంత్రం అరుగు మీద కూర్చుని చెప్పావంటే మా ఆడవాళ్ళం ఒక్కళ్ళం కూడా ఒప్పుకోం. మా అత్త అయితే అమ్మో, మడుగామె మీద హాలు కడతారా అని ఇల్లు పీకి పందిరి వేస్తుంది. మీటింగు రేపే కదా, ఇవాళే చెప్పు."

నేను చెప్పనన్నాను. ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. నాకు ఆ కథంటే ఒళ్ళుమంట. నన్ను ఇరవై నాలుగేళ్ళు ఇంట్లో కట్టేసిన తాడుని నా చేత్తో నేనే తీసుకెళ్ళి, ఇంకో పాతికమంది ఆడపిల్లల మెడలో వెయ్యమంటోంది. కానీ వెయ్యకపోతే మడుగు పోతుంది, వీధి మునుగుతుంది. ఆ రోజు గిన్నెలు తోముతున్నంతసేపూ అదే ఆలోచన. కథ చెప్తే ఆడవాళ్ళకి తలుపు మూసుకుపోతుంది. చెప్పకపోతే లారీలకి దారి తెరుచుకుంటుంది. రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోవడం నా మీదే పెట్టి, అందరూ హాయిగా ఉన్నారు.

మధ్యాహ్నం లారీల మాట మాట్లాడటానికి మా ఆయన బయటికి వెళ్ళాడు. మా అత్తగారు పొద్దుటి నుంచీ కుదురుగా లేదు. అన్నం పెడితే నోరు తెరవలేదు. చూపంతా వెనక తలుపు మీదే. "తలుపు" అంది. కాసేపటికి మళ్ళీ "తలుపు" అంది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పెరట్లోకి తీసుకెళ్ళాను. పెరటి చివర గేటు దగ్గర ఆపితే ఎడమ చెయ్యి ముందుకి చాపింది. అటు పొమ్మని. గేటు తాళం తీస్తూ, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. పట్టపగలు. నలభై ఆరేళ్ళ మనిషిని.

గట్టు మీద కుర్చీ నెట్టడం తేలికేమీ కాదు. చక్రం దిగబడినప్పుడల్లా నేను ఆగిపోతే ఆవిడ వేలితో ఎడమకి చూపించేది, అక్కడ నేల గట్టిగా ఉండేది. ఒకచోట గట్టు రెండుగా చీలితే నేను ఆలోచించేలోపే చెయ్యి కుడికి తిప్పింది. రెల్లు మా ఇద్దరి తలల మీదకి వంగింది. ఇల్లు కనపడలేదు. టైలరమ్మ మిషను చప్పుడు వినపడలేదు. ఎదురుగా నీళ్ళ అంచున పొడుగుకాళ్ళ బూడిదరంగు కొంగ ఒకటి, మెడ భుజాల్లోకి లాక్కుని, ఏదో ఫైలు మీదకి వంగినట్టు నిలబడి ఉంది.

"గుమాస్తా" అంది మా అత్తగారు. ఆవిడ మొహంలో సగమే కదులుతుంది, ఆ సగం నవ్వింది. "వచ్చాడు."

నేను కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లోపల ఎక్కడో, చెత్త పడని వైపు, రెల్లులో ఒక పిట్ట టకటకటకమని ఆపి ఆపి కూస్తోంది. అచ్చం గుడ్డ మీద సూది పరిగెత్తినట్టు. ఆవిడ వేలెత్తి విను అన్నట్టు చూపించింది. "మిషను." నీళ్ళ మీద తెల్లటి పిట్టలు గుంపుగా దిగి ఒకదాన్నొకటి తోసుకుంటూ గోల చేశాయి. ఆవిడ చెప్పకముందే నాకు తెలిసిపోయింది, పెళ్ళివాళ్ళు. డాక్టరు పట్టించుకోవద్దన్నవన్నీ ఇక్కడ తలా ఒక చోట కూర్చుని ఉన్నాయి.

ఇంకాస్త ముందుకి చూపించింది. రెల్లు మధ్య ఒక మనిషి కూర్చునేంత చోటు. అక్కడ చిన్న చెక్కపీట. ఒక కాలు చీకిపోతే దాని కింద ఇటుక ముక్క పెట్టి ఉంది. ఆ పీట నాకు తెలుసు. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు అది ఇంట్లోంచి మాయమైంది. "పుట్టింటికి సాగనంపావేమో గుర్తుచేసుకో" అని నెల్లాళ్ళు నన్ను సాధించింది ఈవిడే.

ఒక్కొక్కటే కుదురుకోవడం మొదలైంది. ప్రతి సాయంత్రం ఆవిడ పై వీధిలో ఉన్న స్నేహితురాలింటికని వెళ్ళేది. గంటకి గానీ వచ్చేది కాదు. ఆ స్నేహితురాలిని మేమెవరం చూడలేదు. ఆవిడకి మోకాళ్ళనొప్పులు, మనింటి దాకా రావడం కష్టం అనేది. పక్షవాతం వచ్చాక కూడా ఆ మహాతల్లి ఒక్కసారి చూడ్డానికి రాకపోతే, ఇన్నేళ్ళ స్నేహానికి విలువ ఇదేనా అని నేనూ మా ఆయనా తిట్టుకున్నాం. మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన విషయాల్లో అదొకటి.

"అత్తయ్యా, మడుగామె ఎవరు?" అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. కొంగనే చూస్తోంది. "నేనే" అంది. ఆ మాట ఎక్కడా తడబడకుండా వచ్చింది.

ఎవరూ చావలేదు. ఏ ఇంటి కోడలూ మాయమవలేదు. తను కూర్చునే చోటికి ఇంకెవరూ రాకుండా ఈవిడే ఒక ఆడదాన్ని ముంచేసింది. అంతే. నాకు జాలి రావాల్సింది. రాలేదు. కోపం వచ్చింది. ఆ గంటసేపు నేనేం చేసేదాన్నో గుర్తొచ్చింది. ప్రెస్సు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునీ కడుక్కోకుండానే పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. బస్సులో ఒక్కోసారి ఇంటి స్టాపు దగ్గర దిగకుండా ఇంకో రెండు స్టాపులు ఊరికే కూర్చోవాలనిపించేది. దిగేసేదాన్ని. నాకు కావలసింది ఆ రెండు స్టాపులే. ఈవిడకి ఒక మడుగు మడుగే ఉంది.

"నన్నెందుకు తీసుకురాలేదు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటే మీ సొమ్మేం పోయేది? ఇంత కథ కట్టి నన్ను కూడా భయపెట్టాలా?"

ఆవిడ పెదవులు చాలాసేపు తంటాలు పడ్డాయి. కుడి కంటి నుంచి నీరు కారుతోంది, అది ఏడుపో జబ్బో తెలీదు. ఒక్కో మాటా విడివిడిగా బయటికి తోసింది.

"ఇద్దరం... వస్తే... వంట... ఎవరు?"

నేను పీట మీద కూలబడ్డాను. నిజంగానే, ఎవరు? ఆవిడ కూర్చున్న ఆ గంట నా వీపు మీద కూర్చుంది. ఆవిడ అత్త ఉన్న రోజుల్లో ఆవిడకి ఆ గంట కూడా ఉండి ఉండదు. కోడలు వచ్చాకే దొరికింది. దొరికినదాన్ని కాపాడుకోవడానికి కోడలి ముందే తలుపు వేసింది. ఎంత వెతికినా ఈ లెక్కలో మా మామగారూ, మా ఆయనా ఎక్కడా కనపడరు. వాళ్ళిద్దరూ ముందు గదిలో టీ కోసం ఎదురు చూస్తుంటారు.

ఇంటికి వచ్చేదాకా ఆవిడతో మాట్లాడలేదు. పూడ్చనీ అనుకున్నాను. నాకు దక్కని చోటు ఉంటే ఎంత, పోతే ఎంత. ఆదివారం పొద్దున ఆవిడకి నీళ్ళు పోసి, ఒళ్ళు తుడిచి, ఎడమ బొటనవేలి గోరు కత్తిరించాను. ఆవిడ చెయ్యి నా చేతిలో పెట్టి చూస్తూ ఊరుకుంది.

సాయంత్రానికి ముందు గది నిండింది. మగవాళ్ళు కుర్చీల్లో, హెడ్ క్లర్కుగారు మధ్య కుర్చీలో. సాయానికని వచ్చిన టైలరమ్మా, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ వంటింటి గుమ్మంలో. నేను పెద్ద గిన్నెలో టీ నీళ్ళు పడేసి, ఆయన పిలిస్తే చక్రాల కుర్చీ ముందుకి తెచ్చాను. మా ఆయన బాగా మాట్లాడతాడు. కరపత్రంలో మాటలే, ఇంకాస్త ఉప్పూ కారం కలిపి చెప్పాడు. "పాతికేళ్ళుగా ఆ గుంటలో కాలు పెట్టిన మనిషి లేడు. అది ఎవరికీ అక్కర్లేని చోటు. మా అమ్మకి మాట ఉంటే ఆవిడే మొదట సరే అనేది. దేనికీ అడ్డం చెప్పే మనిషి కాదు" అన్నాడు. ఆడవాళ్ళ తరఫున సరే అనడం ఆయనకి ఎంత తేలికో. నా ఉద్యోగం మానిపించినప్పుడూ, మళ్ళీ ఇంటి అప్పు కోసం చేర్పించినప్పుడూ కూడా ఇలాగే అన్నాడు, మా ఆవిడ దేనికీ అడ్డం చెప్పదండీ అని.

ఇంకు డబ్బా మూత తీసి నా ముందు పెట్టాడు. కాగితం పరిచాడు. "కానియ్" అన్నాడు.

ఆవిడ చెయ్యి అందుకున్నాను. పిడికిలి బిగిసి ఉంది. ఆ పిడికిలిని నేను రోజూ విప్పి కడుగుతాను, అందులో ఎంత బలం ఉందో నాకు తెలుసు. పాలగ్లాసు పట్టుకునేంత కూడా ఉండదు. ఇప్పుడు విప్పబోతే గోళ్ళు అరచేతిలో దిగబడుతున్నాయి. బొటనవేలిని మిగతా వేళ్ళ కింద దాచేసుకుంది. తల ఎత్తి చూశాను. ఆవిడ మా ఆయన్నీ చూడటం లేదు, కాగితాన్నీ చూడటం లేదు. నన్ను చూస్తోంది. ఇరవై నాలుగేళ్ళలో ఆవిడ నన్ను ఏదీ అడగలేదు, అన్నీ చెప్పింది, అంతే. ఇది అడగడం.

"ఆవిడకి ఇష్టం లేదు" అన్నాను.

"ఎవరికి?" అన్నాడు మా ఆయన, నిజంగానే తెలియనట్టు.

"మీ అమ్మకి. అది ఆవిడ చోటు. ఆవిడకి కావాలి."

"అమ్మకి మాటే లేదు కదా, నీకెవరు చెప్పారు?" నవ్వాడు, చుట్టూ చూశాడు. "సరేగానీ, లోపలికెళ్ళి టీ సంగతి చూడు."

నేను వెళ్ళలేదు. ఇంకు డబ్బాకి మూత పెట్టాను. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. పై వీధి స్నేహితురాలి దగ్గర్నుంచి మొదలుపెట్టాను. గట్టు ఎక్కడ చీలుతుందో, ఎటు పోతే కాలు దిగబడదో చెప్పాను. పెళ్ళివాళ్ళ గురించి చెప్పాను. మిషను ఆగిందని ఈవిడ ఎందుకేడ్చిందో చెప్తే టైలరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. గుమాస్తా అంటే కొంగ అన్నప్పుడు ఎవరో ఫక్కున నవ్వారు. హెడ్ క్లర్కుగారు మొహం దించుకుని చొక్కా అంచు సవరించుకున్నారు. ఆయనకి క్షమాపణ చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు, చెప్పాల్సింది ఇంకా ఉంది. మడుగామె ఎవరో చెప్పాను. వంట ఎవరు చేస్తారన్న మాట కూడా చెప్పాను. నేను పంచదార వేసినట్టు చెప్పి ఉంటే బాగుండేదేమో. ఉన్నదున్నట్టు చెప్పాను, నా కోపంతో సహా. వంటింటి గుమ్మంలో ఆడవాళ్ళు ఎప్పుడు లోపలికి వచ్చారో, ఎప్పుడు కింద కూర్చున్నారో చూసుకోలేదు.

వంటింట్లో టీ పొంగి పొయ్యి మీద పడ్డ చప్పుడు, ఆపైన మాడు వాసన. మామూలుగా అయితే ఈ పాటికి నలుగురు ఆడవాళ్ళు లేచేవాళ్ళు. ఎవరూ లేవలేదు. మా ఆయన మమ్మల్ని అందర్నీ వరసగా చూసి, చివరికి తనే వెళ్ళాడు. ఏ మీట ఎటు తిప్పితే ఆరుతుందో వెతుక్కుంటున్నట్టున్నాడు, చాలాసేపు పట్టింది. పట్టకారు చేత్తో పట్టుకుని తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఎప్పుడూ వాళ్ళమ్మ గది ముందు నిలబడినట్టే.

హెడ్ క్లర్కుగారు గొంతు సవరించుకున్నారు. ఆయనా అరుగు మీద ఆ కథ విన్న మనిషే, పొద్దు గూకాక మడుగు వైపు ఎన్నడూ వెళ్ళి ఉండరు. "అయితేనమ్మా," అన్నారు మెల్లగా, "అక్కడ ఎవరూ లేరన్నమాట."

గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు. ఇక్కడ నేనేం చెప్తే అదే రేపటి నుంచి వీధి చెప్పుకునే కథ అని నాకు తెలుసు. ఎవరూ లేరంటే, ఇవాళ ఈ గట్టు ఆపిన లారీలు రేపు ఇంకో దారి వెతుక్కుంటాయి. దయ్యం ఉందంటే, వెనక తలుపులన్నీ ఇంకో తరం దాకా మూసే ఉంటాయి. మా అత్తగారి పిడికిలి నా చేతిలో మెల్లగా విచ్చుకుంది.

"ఉన్నామండీ" అన్నాను. "రోజూ ఆ వేళకి నేనూ మా అత్తగారూ అక్కడే ఉంటాం."